ముక్క పోగుల కార్బన్ థర్మోప్లాస్టిక్ కాంపోజిట్లు: యాంత్రిక ధర్మాలు

కార్బన్ పోగులను ముక్కలు చేసి, వేడికి కరిగి చల్లారగానే గట్టిపడే ప్లాస్టిక్‌లో కలిపి తయారుచేసే పదార్థాలు ఇవి. ముక్క పొడవు మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదారు సెంటీమీటర్ల దాకా ఉండవచ్చు. విమానం రెక్కల్లో వాడే అఖండ పోగుల కాంపోజిట్‌లో పోగు ఈ కొస నుంచి ఆ కొసకు తెగకుండా సాగుతుంది. ఇక్కడ ప్రతి పోగూ మధ్యలోనే ఆగిపోతుంది. ఆగినచోట అది మోస్తున్న భారం పక్క పోగుకు చేరాలంటే నడుమనున్న ప్లాస్టిక్ గుండానే వెళ్లాలి. ఈ పదార్థాల బలమైనా బలహీనతైనా చాలావరకు ఆ బదిలీ దగ్గరే తేలిపోతుంది. అందుకే ఉక్కుకో అల్యూమినియానికో చెప్పినట్టు వీటి బలం ఇంత అని ఒక్క అంకె చెప్పేస్తే సరిపోదు. ఒకే సంచిలోని ఈ పదార్థపు గుళికలను రెండు వేర్వేరు అచ్చుల్లో పోస్తే, యాంత్రికంగా రెండు వేర్వేరు పదార్థాలు బయటికి వస్తాయి.

పోగు, ప్లాస్టిక్

నేటి కార్బన్ పోగుల్లో అత్యధికం పాలీయాక్రిలోనైట్రైల్ నారను ఆక్సిజన్ లేనిచోట వెయ్యి డిగ్రీలకు పైగా కాల్చి తీసినవే. 1958లో అమెరికాలో రోజర్ బేకన్ విస్కర్లనే సన్నటి గ్రాఫైట్ పోగులపై చేసిన పరిశోధన, ఆ తర్వాత జపాన్‌లో అకియో షిండో, ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో ప్రయోగశాలలో విలియం వాట్ బృందం చేసిన పని దీనికి పునాది వేశాయి. జపాన్‌కు చెందిన తోరే సంస్థ 1971లో టీ300 రకాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఈ పోగు వ్యాసం సుమారు 7 మైక్రాన్లు, దృఢత్వాన్ని చెప్పే యంగ్ గుణకం 230 గిగాపాస్కల్, తన్యతా బలం 3,500 మెగాపాస్కల్ పైచిలుకు. తర్వాత వచ్చిన టీ700లో గుణకం అంతే ఉన్నా బలం 4,900 మెగాపాస్కల్‌కు పెరిగింది. సాంద్రత నీటికి 1.8 రెట్లు మాత్రమే. గాజు పోగు సాంద్రత 2.5 దాటుతుంది, దాని గుణకం 72 గిగాపాస్కల్ దగ్గరే ఆగిపోతుంది. ఈ ఘనమైన అంకెలన్నీ పోగు పొడవునా లాగినప్పటివని మరిచిపోకూడదు. అడ్డంగా చూస్తే కార్బన్ పోగు గుణకం 15 గిగాపాస్కల్ దరిదాపుల్లోనే ఉంటుంది. తెగేముందు అది సాగేది కూడా ఒకటిన్నర నుంచి రెండు శాతం మాత్రమే.

ప్లాస్టిక్ వైపు ఎంపిక విశాలం. చవకలో పాలీప్రొపిలీన్, మధ్యస్థంగా నైలాన్ 6, నైలాన్ 66, పాలీకార్బొనేట్, ఖరీదైన వాటిలో పీపీఎస్ (పాలీఫెనిలీన్ సల్ఫైడ్), పీక్ (పాలీఈథర్ ఈథర్ కీటోన్). వీటి గుణకాలు ఒకటిన్నర నుంచి నాలుగు గిగాపాస్కల్ మధ్య ఉంటాయి. ఎపాక్సీ వంటి థర్మోసెట్ రెజిన్లు అచ్చులో రసాయన చర్య జరిగి గట్టిపడాలి, దానికి సమయం పడుతుంది. థర్మోప్లాస్టిక్ చల్లారితే చాలు, నిమిషంలో భాగం చేతికి వస్తుంది. పనికిరాకపోతే మళ్లీ కరిగించవచ్చు. అయితే కరిగిన థర్మోప్లాస్టిక్ ఎపాక్సీ కన్నా వందల రెట్లు చిక్కగా ఉంటుంది. ఆ చిక్కని ద్రవాన్ని వేల పోగుల కట్టలోకి ఇంకించడం కష్టం. ముక్కలు చేసి కలిపేస్తే ఆ పని తేలికవుతుంది, కాని పోగు పొడవుతో పాటు వచ్చే లాభాల్లో కొన్నింటిని వదులుకోవాలి. ఏవి, ఎంత అన్నదే తేల్చుకోవాల్సింది.

సందిగ్ధ పొడవు

పోగు చివర దగ్గర దాని మీద ప్రతిబలం సున్నా. చివరి నుంచి లోపలికి వెళ్లేకొద్దీ, పక్కనున్న ప్లాస్టిక్ షియర్ ద్వారా, అంటే పక్కకు జార్చే బలం ద్వారా, భారాన్ని అందిస్తూ పోగా, ప్రతిబలం క్రమంగా పెరుగుతుంది. ఈ ఆలోచనకు 1952లో గణిత రూపం ఇచ్చినవాడు హెచ్. ఎల్. కాక్స్. విచిత్రమేమిటంటే ఆయన ముందు పెట్టుకున్న పదార్థం కాగితం. 1965లో కెల్లీ, టైసన్‌లు రాగిలో టంగ్‌స్టన్ తీగలు పెట్టి లాగిన ప్రయోగాలతో బలం సంగతి తేల్చారు. పోగును దాని పూర్తి బలం దాకా లాగి తెంపాలంటే కనీసం ఇంత పొడవుండాలని వారు లెక్కగట్టిన కొలతే సందిగ్ధ పొడవు. పోగు బలాన్ని వ్యాసంతో గుణించి, పోగుకూ ప్లాస్టిక్‌కూ నడుమనున్న హద్దు దగ్గరి షియర్ బలానికి రెట్టింపుతో భాగిస్తే అది వస్తుంది.

అంకెలు వేసి చూద్దాం. పోగు బలం 4,900 మెగాపాస్కల్, వ్యాసం 7 మైక్రాన్లు. ప్లాస్టిక్ బాగా అతుక్కుని హద్దు 40 మెగాపాస్కల్ షియర్‌ను తట్టుకుంటే సందిగ్ధ పొడవు సుమారు 0.43 మిల్లీమీటర్లు. అదే పోగును సరిగా అతుక్కోని పాలీప్రొపిలీన్‌లో పెడితే, హద్దు బలం 15కు పడిపోతే, అది 1.1 మిల్లీమీటర్లు దాటుతుంది. దీనికన్నా పొట్టి పోగు తెగదు, ప్లాస్టిక్ నుంచి ఊడి వస్తుంది. విరిగిన ముఖాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే ఈ తేడా కంటికే కనబడుతుంది. పొట్టి పోగులున్న నమూనాలో పోగులు పొడుచుకు వచ్చి ఉంటాయి, ఊడిపోయిన పోగుల స్థానంలో గుండ్రటి రంధ్రాలుంటాయి.

ఇప్పుడు అసలు కిటుకు. పీక్‌లో బరువు ప్రకారం 30 శాతం కార్బన్ ఉందనుకుని కాక్స్ సూత్రంతో లెక్కిస్తే, 0.2 మిల్లీమీటర్ల పోగు అఖండ పోగు ఇచ్చే దృఢత్వంలో సుమారు 75 శాతం ఇచ్చేస్తుంది. అర మిల్లీమీటరు దగ్గర 90 శాతం, ఒక మిల్లీమీటరు దగ్గర 95 శాతం. బలం లెక్క వేరు. సందిగ్ధ పొడవు 0.43 అయితే, 0.2 మిల్లీమీటర్ల పోగు తన బలంలో పావు వంతు కూడా వాడుకోదు. అర మిల్లీమీటరు దగ్గర 57 శాతం, ఒక మిల్లీమీటరు దగ్గర 78 శాతం. 95 శాతానికి చేరాలంటే నాలుగు మిల్లీమీటర్లు దాటాలి. తాకిడిని తట్టుకునే గుణం ఇంకా ఆలస్యంగా వస్తుంది. గాజు పోగుల పాలీప్రొపిలీన్ మీద థామసన్, వ్లుగ్ 1996 నుంచి ప్రచురించిన పరిశోధనల్లోనూ ఇదే వరుస కనబడింది: దృఢత్వం అర మిల్లీమీటరు దాటాక పెద్దగా పెరగలేదు, బలం ఇంకొన్ని మిల్లీమీటర్ల దాకా పెరిగింది, తాకిడి బలం ఆ తర్వాతా పెరుగుతూ వచ్చింది. కాబట్టి కావలసింది వంగకుండా ఉండటమే అయితే పొట్టి పోగు చాలు. విరగకుండా ఉండాలంటే మాత్రం పొడవు కోసం డబ్బు ఖర్చు పెట్టక తప్పదు. పదార్థాల ఎంపికలో కొన్ని పొరపాట్లు ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్లే జరుగుతాయి.

పొడవు ఎక్కడ పోతుంది

కత్తిరించినప్పుడు ఆరు మిల్లీమీటర్లున్న పోగు, జంట స్క్రూల యంత్రంలో ప్లాస్టిక్‌తో కలిసి గుళికయ్యేసరికి సాధారణంగా మిల్లీమీటరులో నాలుగో వంతుకో మూడో వంతుకో దిగుతుంది. ఇంజెక్షన్ మోల్డింగ్ స్క్రూలో, అచ్చులోకి ప్లాస్టిక్ దూరే సన్నటి గేటులో మరికొంత విరుగుతుంది. కార్బన్ గాజుకన్నా పెళుసు, సన్నం కూడా, కనుక ఈ నష్టం దానికే ఎక్కువ. పోగుల శాతం పెంచితే ఒకదాన్నొకటి రాసుకుని ఇంకా విరుగుతాయి. అందుకే 30 నుంచి 40 శాతం బరువు దాటాక బలం గ్రాఫు చదునవుతుంది, ఖర్చు గ్రాఫు మాత్రం ఎక్కుతూనే ఉంటుంది.

పోగులను కత్తిరించి కలపకుండా, అఖండ కట్టకే ప్లాస్టిక్ పట్టించి 10, 12 మిల్లీమీటర్ల గుళికలుగా కోస్తే పోగు పొడవు గుళిక పొడవంత ఉంటుంది. వీటిని పొడవు పోగుల గుళికలంటారు. అచ్చు పోసేటప్పుడు స్క్రూ వేగం, వెనక ఒత్తిడి తగ్గించి, గేటు వెడల్పు పెంచితే సగటున ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల పొడవు మిగులుతుంది. ఈ జాగ్రత్తలు తీసుకోకపోతే ఖరీదైన గుళిక కొని చవక గుళిక ఫలితం పొందినట్టే.

మిగిలిన పొడవును కొలవడమూ చిన్న పని కాదు. గాజు పోగుల భాగాన్నయితే కొలిమిలో పెట్టి ప్లాస్టిక్‌ను కాల్చేస్తే గాజు మిగులుతుంది. కార్బన్ గాలిలో తానూ కాలుతుంది. కాబట్టి నైలాన్‌ను ఫార్మిక్ ఆమ్లంలో కరిగించడమో, నైట్రోజన్‌లో కాల్చడమో చేయాలి. మిగిలిన నల్లటి నూగును ద్రవంలో పలచగా చెదరగొట్టి, గాజు పళ్లెంలో పోసి, మైక్రోస్కోపు కింద వందల, వేల పోగులను కొలవాలి. చిమటాతో పట్టుకున్నప్పుడే పొడవు పోగులు విరుగుతాయి, చిన్నవి జారిపోతాయి. ఆపైన లెక్క పోగుల సంఖ్య ప్రకారం తీసిన సగటా, పొడవు ప్రకారం బరువిచ్చిన సగటా అన్నదాన్ని బట్టి ఫలితం రెట్టింపు తేడా రావచ్చు. ఏ సగటో చెప్పకుండా ఇచ్చిన పోగు పొడవుకు విలువ లేదు.

దిశ

పొడవు తర్వాతి పాత్ర దిశది. పోగులన్నీ ఒకే వైపు ఉంటే వాటి దృఢత్వం పూర్తిగా దక్కుతుంది. ఒక తలంలో అన్ని వైపులా చెదిరి ఉంటే ఎనిమిదింట మూడు వంతులు, మూడు దిశల్లోనూ చెదిరితే ఐదింట ఒక వంతు మాత్రమే. క్రెంచెల్ 1964లో ఇచ్చిన ఈ వంతులను ఇంజనీర్లు నేటికీ వాడుతున్నారు.

పీక్‌ను మళ్లీ తీసుకుందాం. 30 శాతం బరువంటే ఘనపరిమాణంలో 24 శాతం. పోగులన్నీ వరుసగా, అఖండంగా ఉంటే గుణకం 58 గిగాపాస్కల్ దాకా రావాలి. తలంలో చెదిరితే 24, మూడు దిశల్లో చెదిరితే 14. ఇవి కూడా పొడవు వల్ల వచ్చే కోత కలపక ముందు అంకెలు. మార్కెట్లో దొరికే 30 శాతం కార్బన్ పీక్ పరీక్ష పట్టీల్లో 25 గిగాపాస్కల్, ఆపైన కూడా చూపిస్తుంది. బలం 260 మెగాపాస్కల్ ప్రాంతంలో ఉంటుంది. ఒట్టి పీక్‌లో గుణకం 4, బలం 100 మాత్రమే. పొట్టి పోగులతో ఇంత ఎలా వచ్చింది? పరీక్ష పట్టీ సన్నగా, పొడవుగా ఉంటుంది, కరిగిన ప్లాస్టిక్ ఒక కొస నుంచి దూరి మరో కొసకు పారుతుంది, పోగులు చాలావరకు ఆ వైపే తిరుగుతాయి. ఆ తర్వాత పట్టీని లాగేది కూడా అదే దిశలో. కాబట్టి డేటాషీట్‌లో అచ్చయ్యేది ఆ పదార్థపు అత్యుత్తమ ముఖం. అదే గుళికలతో పలక పోసి, ప్రవాహానికి అడ్డంగా కోసిన నమూనాను లాగితే అంకె బాగా పడిపోతుంది. డేటాషీట్ అబద్ధం చెప్పడం లేదు, అడిగిన ప్రశ్నకే జవాబిస్తోంది.

అచ్చులో పోగులు ఎటు తిరుగుతాయన్నదానికి మూలం 1922 నాటి జెఫ్రీ సమీకరణం. జిగట ద్రవంలో కోడిగుడ్డు ఆకారపు రేణువు ఎలా తిరుగుతుందో ఆయన లెక్కించాడు. పోగులు ఒకదాన్నొకటి తాకే సంగతిని 1984లో ఫోల్గర్, టక్కర్ చేర్చారు. 1987లో అద్వానీ, టక్కర్ దిశల మొత్తాన్ని టెన్సర్ అనే గణిత రూపంలో రాసే పద్ధతి ఇచ్చారు. అచ్చు నింపే ప్రక్రియను కంప్యూటర్లో చూపే సాఫ్ట్‌వేర్లు చాలావరకు వీరి దారిలోనే నడుస్తున్నాయి. ఇంజెక్షన్ మోల్డింగ్ పలకను అడ్డంగా కోసి మెరుగుపెట్టి చూస్తే మూడు పొరలు కనబడతాయి. గోడలకు దగ్గరి పొరల్లో షియర్ వల్ల పోగులు ప్రవాహం వెంట ఉంటాయి. నడుమ పొరలో, ద్రవం గేటు నుంచి విసనకర్రలా విప్పుకునేచోట, అడ్డంగా తిరిగి ఉంటాయి. వంపు పరీక్షలో ఒత్తిడి పడేది పై పొరల మీదే కనుక ఆ పరీక్ష బలం లాగే పరీక్ష కన్నా ఎక్కువ చూపిస్తుంది.

రెండు ప్రవాహాలు ఎదురై కలిసేచోట, అంటే వెల్డ్ లైన్ దగ్గర, పోగులు ఆ గీతకు సమాంతరంగా పడుకుంటాయి, దాన్ని దాటి వెళ్లవు. అక్కడి బలం ఒట్టి ప్లాస్టిక్ బలానికి, కొన్నిసార్లు అంతకన్నా తక్కువకు దిగుతుంది. ఎక్కువ పోగులు వేస్తే వెల్డ్ లైన్ బలపడుతుందనుకోవడం పొరపాటు. గేటును జరిపి ఆ గీతను భారం లేనిచోటికి పంపడమే మందు.

హద్దు

నేతపని వాళ్లు పడుగు నూలుకు గంజి పెట్టినట్టే కార్బన్ పోగులకూ తయారీలోనే సైజింగ్ అనే పలచని పూత పూస్తారు. ఎక్కువ పోగులు ఎపాక్సీ పరిశ్రమ కోసమే తయారవుతాయి కనుక ఆ పూత కూడా ఎపాక్సీకి సరిపడేదే. పీక్‌ను దాదాపు 380 డిగ్రీల దగ్గర అచ్చుపోస్తారు. ఆ వేడికి మామూలు సైజింగ్ నిలవదు, విచ్ఛిన్నమై వాయువులు వదిలి హద్దును పాడుచేస్తుంది. పాలీప్రొపిలీన్ సంగతి మరోరకం. అందులో పోగుకు అతుక్కునే రసాయన సమూహాలే లేవు. కొద్ది శాతం మలేయిక్ ఆన్‌హైడ్రైడ్ అంటుకట్టిన పాలీప్రొపిలీన్ కలిపితే హద్దు బలం పెరుగుతుంది, సందిగ్ధ పొడవు తగ్గుతుంది, ఉన్న పోగే ఎక్కువ పని చేస్తుంది. హద్దు మరీ గట్టిదైనా చిక్కే. ఊడి వచ్చే పోగు రాపిడితో శక్తిని మింగుతుంది. ఊడకుండా టక్కున తెగితే పగులు ఆగకుండా సాగిపోతుంది.

దెబ్బ, అలసట, వేడి, తేమ

ఈ పదార్థాల బలహీనత దెబ్బ తగిలినప్పుడు బయటపడుతుంది. పొట్టి కార్బన్ పోగుల నైలాన్ ఒకటి, రెండు శాతం సాగగానే తెగుతుంది. అంతే పాళ్లలో గాజు పోగులున్న నైలాన్ దానికన్నా ఎక్కువ దెబ్బ ఓర్చుకుంటుంది. ఉక్కులా వంగి హెచ్చరించే అలవాటు రెంటికీ లేదు. మాటిమాటికీ పడే భారం విషయంలో కార్బన్‌దే పైచేయి. పోగు దృఢంగా ఉండటం వల్ల ప్లాస్టిక్ తక్కువ సాగుతుంది, పోగు వేడిని బయటికి పంపేస్తుంది కనుక వేగంగా భారం మారుతున్నప్పుడు లోపల వేడెక్కడం తగ్గుతుంది. అయినా ఉక్కుకున్నట్టు ఇంత భారం లోపు ఎన్ని సార్లైనా ఫరవాలేదనే నిశ్చిత పరిమితి వీటికి పెట్టుకోలేం.

వేడి ఎక్కేకొద్దీ నడిపించేది ప్లాస్టిక్కే. పీక్ 143 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, కరిగేది 343 దగ్గర. పీపీఎస్‌కు మెత్తబడే ఉష్ణోగ్రత 90 ప్రాంతం. పోగులు దృఢత్వాన్ని కొంతవరకు కాపాడతాయి, కాని షియర్ బదిలీ చేసే ప్లాస్టిక్ మెత్తబడితే సందిగ్ధ పొడవు పెరిగిపోయి బలం జారుతుంది. నైలాన్‌కు తేమ బెడద. నీళ్లలో నానితే నైలాన్ 6 తన బరువులో తొమ్మిది శాతానికి పైగా నీరు పీలుస్తుంది. పొడిగా ఉన్నప్పుడు 50, 60 డిగ్రీలుండే మెత్తబడే ఉష్ణోగ్రత, అప్పుడు గది వేడి కన్నా కిందికి పడిపోతుంది. కాబట్టి నైలాన్ కాంపోజిట్ అంకె చూసినప్పుడు మొదట అడగాల్సింది అది పొడి నమూనాదా, తేమ పట్టిందా అన్నదే. మచిలీపట్నం తేమ గాలిలో ఉండే భాగానికి పొడి అంకెతో డిజైన్ చేస్తే మరెవరినీ తప్పుపట్టలేం.

టేపు ముక్కలు, కారు భాగాలు, ముద్రణ

ముందే ప్లాస్టిక్ పట్టించిన సన్నటి కార్బన్ టేపును ఒకటి, రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, అచ్చులో చెదిరేలా పోసి, వేడిచేసి నొక్కే పద్ధతిలో పోగు విరగదు. ఘనపరిమాణంలో సగం దాకా పోగులు పడతాయి, దృఢత్వం బాగా పెరుగుతుంది. బలం మాత్రం అంత రాదు. పోగు తెగకముందే ముక్కకూ ముక్కకూ నడుమ ప్లాస్టిక్ విడిపోతుంది. టేపును పలచబరిస్తే విడిపోవడం తగ్గి బలం పెరుగుతుంది. ఈ పలకల్లో రెండు చిత్రమైన గుణాలున్నాయి. ఒకే పలక నుంచి కోసిన నమూనాల మధ్య తేడా ఎక్కువ. రంధ్రం వేసినా బలం అంతగా తగ్గదు, కొన్నిసార్లు రంధ్రాన్ని వదిలేసి వేరేచోట తెగుతుంది. లోపల ముక్కల కొసలన్నీ ముందే చిన్న చిన్న గాట్లుగా ఉన్నాయి, మనం వేసిన రంధ్రం వాటిలో మరొకటి అవుతుంది, అంతే.

కారు పరిశ్రమలో పేరెన్నదగిన ఉదాహరణ అమెరికాలోని జీఎంసీ సియెరా పికప్ ట్రక్కు. 2019 మోడల్ కోసం తెచ్చిన దాని సరుకు తొట్టి, జపాన్ సంస్థ తేజిన్ రూపొందించిన చెదిరిన కార్బన్ పోగుల నైలాన్‌తో చేసినది. ఉక్కు తొట్టి కన్నా 62 పౌండ్లు, అంటే 28 కిలోల తేలిక. ఒక్క నిమిషంలో అచ్చుపోయగల కార్బన్ థర్మోప్లాస్టిక్ పద్ధతిని తేజిన్ 2011లోనే ప్రకటించింది.

త్రీడీ ముద్రణలో కార్బన్ ముక్కల ప్రయోజనం బలం కన్నా ఆకారం నిలబెట్టడంలో ఉంది. పోగు పొడవునా వ్యాకోచం దాదాపు సున్నా, ఉష్ణవాహకత ఎక్కువ. అందువల్ల పెద్ద భాగాలు చల్లారేటప్పుడు వంకర పోవు. 2014లో షికాగో ప్రదర్శనలో జనం ముందే ముద్రించిన స్ట్రాటి కారు కార్బన్ కలిపిన ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేసిందే. పొర వెంట బలం బాగుంటుంది, పొరకూ పొరకూ నడుమ పోగు దాటదు కనుక ఆ దిశలో బలం ఒట్టి ప్లాస్టిక్‌ది లేదా అంతకన్నా తక్కువ.

వరుస పేర్చిన ముక్కలు, తిరిగి వచ్చిన ముక్కలు

ముక్క పోగులంటే బలహీనమన్న అభిప్రాయాన్ని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం కదిలించింది. నీటిలో చెదిరిన మూడు మిల్లీమీటర్ల పోగులను సన్నటి ధారలుగా చిమ్మి వరుసగా పేర్చే పద్ధతిని అక్కడ రూపొందించారు. 55 శాతం పోగులతో చేసిన నమూనాల్లో గుణకం 115 గిగాపాస్కల్, బలం 1,500 మెగాపాస్కల్ వచ్చాయి. అది ఎపాక్సీతో చేసిన ప్రయోగం. థర్మోప్లాస్టిక్‌లో అంతే ఫలితం రావాలంటే హద్దును సరిచేయాలి, కాని మూడు మిల్లీమీటర్లు సందిగ్ధ పొడవుకు ఏడు రెట్లు కనుక సూత్రరీత్యా అడ్డేమీ లేదు. అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయం ఇదే దారిలో టఫ్ అనే పదార్థాన్ని తయారుచేసింది. అఖండ పోగుల టేపు లోతైన అచ్చులో ముడతలు పడుతుంది. వరుస పేర్చిన ముక్కలైతే కరిగిన ప్లాస్టిక్‌లో ఒకదానిపై ఒకటి జారుతూ అచ్చు వంపుల్లోకి సాగుతాయి.

విమాన కర్మాగారాల్లో కత్తిరించి పారేసే కాంపోజిట్ తుక్కును, కాలం చెల్లిన భాగాలను ఆక్సిజన్ లేకుండా కాల్చి పోగులను వెనక్కి తీసే పరిశ్రమ ఇప్పటికే నడుస్తోంది. బాగా నడిపిన కొలిమిలో పోగు గుణకం దాదాపు చెక్కుచెదరదు, బలంలో అధిక భాగం మిగులుతుంది. సైజింగ్ మాత్రం పోతుంది, దాన్ని మళ్లీ పూయాలి. అలా వచ్చిన పోగు అఖండంగా రాదు, ముక్కలుగా, చిక్కుబడ్డ దూదిలా వస్తుంది. దాన్ని పెద్ద ఎత్తున వాడుకోగల చోటు ఈ తరగతి పదార్థాలే.